ఇంటి ఆవరణలో పెద్ద కోనిఫర్: అరకేరియా, తూజా, పైన్, అగాతిస్‌లలో ఏది?

డిసెంబరు రాగానే కడియం నర్సరీల దగ్గర్నుంచి హైదరాబాద్ రోడ్ల పక్క దుకాణాల దాకా ‘క్రిస్మస్ చెట్టు’ కుండీలు బారులు తీరతాయి. ఆ ఒక్క పేరు మీద నాలుగైదు జాతులు అమ్ముడవుతుంటాయి. కుండీలో ఉన్నప్పుడు అన్నీ మూడడుగులే, అన్నీ పచ్చగా ముద్దొచ్చేవే. నేలలో పెట్టాక ఒకటి మన మే నెల దాటదు, ఒకటి మొదటి అంతస్తు కిటికీ దగ్గర ఆగిపోతుంది, మరొకటి ఏడంతస్తుల ఎత్తుకు పోతుంది.

మా మాట ముందే చెప్పేస్తాం. కోనిఫర్ అంటే పువ్వు బదులు శంకువు వేసే, ఎక్కువగా సూదుల్లాంటి ఆకులుండే చెట్టు. మైదానంలో నిజంగా పెద్ద కోనిఫర్ కావాలంటే కుక్ అరకేరియా పెట్టండి. స్థలం తక్కువైతే తూజా. పైన్ ఏజెన్సీ కొండల మీద తప్ప వద్దు. అగాతిస్ ఫామ్‌హౌస్‌కి, అదీ వేసవిలోనూ నీళ్లుంటేనే. ఎందుకో ఒక్కొక్కటే చూద్దాం.

ముందు టేపు పట్టుకుని కొలవండి

200 గజాల ప్లాటంటే మామూలుగా 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు. ఇల్లు కట్టాక చుట్టూ మిగిలేది నాలుగైదు అడుగుల సందు, ముందు కారు పెట్టే చోటు. సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు అన్నీ అందులోనే సర్దుకోవాలి. అలాంటి చోట నేలలో పెట్టదగ్గ పెద్ద కోనిఫర్ లేదు. కొమ్మలు కొట్టి అదుపులో పెట్టుకుందామనే లెక్క ఇక్కడ చెల్లదు. వేపనో కానుగనో మోడు చేసినా నెలలో చిగురిస్తుంది. కోనిఫర్లలో చాలావాటికి పచ్చదనం పోయిన పాత కొమ్మ నుంచి కొత్త చిగురు రాదు. తల నరికితే ఆ రూపం మళ్లీ రాదు, వంకర కొమ్మ ఒకటి పైకి లేచి నిలబడుతుంది.

గోడ నుంచి కాండం మధ్యకు మేము పాటించే దూరాలు ఇవి: తూజాకు 6 అడుగులు, కుక్ అరకేరియాకు 15, నార్‌ఫోక్ అరకేరియాకు 25, పైన్‌కీ అగాతిస్‌కీ 30. సంపు, సెప్టిక్ ట్యాంకులకు కూడా అవే దూరాలు, తూజాకు మాత్రం పది అడుగులు చూసుకుంటే మేలు. పైన కరెంటు తీగ ఉంటే తూజా తప్ప ఏదీ పెట్టకండి. విద్యుత్ శాఖ వాళ్లు వచ్చి తల కొట్టేస్తే తప్పు వాళ్లది కాదు. ఈ లెక్కన కుక్ అరకేరియాకు 400, 500 గజాలైనా కావాలి. మిగతా పెద్దవి పది గుంటలు దాటిన స్థలానికే.

అరకేరియాలు రెండు

నర్సరీవాళ్లు ‘అరకేరియా’ అనే ఒక్క మాటతో సరిపెట్టేది నిజానికి రెండు జాతులు. నార్‌ఫోక్ అరకేరియా ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న నార్‌ఫోక్ దీవిది. కుక్ అరకేరియా న్యూ కాలెడోనియాది. కెప్టెన్ కుక్ ఓడ 1774లో ఈ రెండు చోట్లకూ వెళ్లింది, రెండో చెట్టుకు ఆయన పేరు అలా వచ్చింది. రెండిటికీ కొమ్మలు చుట్టూ చక్రంలా, అంతస్తులు అంతస్తులుగా వస్తాయి. మూడు నాలుగడుగుల వయసులో వాటిని విడదీసి చెప్పడం అలవాటైనవాళ్లకూ కష్టమే.

ఎదిగాక మాత్రం పోలికే ఉండదు. నార్‌ఫోక్ విశాలమైన గోపురం. కింది కొమ్మలు ఒక్కో వైపు పది పన్నెండు అడుగులు చాస్తుంది, అంతస్తుల మధ్య ఆకాశం కనిపిస్తుంది. కుక్ సన్నటి స్తంభం. ఎంత ఎత్తు పోయినా కొమ్మలు ఆరేడు అడుగులు దాటవు, కాండం మీద బెరడు పలచటి కాగితంలా చుట్టలు చుట్టుకుని ఊడుతుంది. సొంత గడ్డ మీద రెండూ 50 మీటర్లు దాటతాయి. మన దగ్గర 20, 25 మీటర్లు అనుకుని స్థలం చూసుకోండి. నేలలో కుదురుకున్నాక ఏడాదికి అడుగున్నర నుంచి మూడడుగుల దాకా పెరుగుతాయి.

ఇద్దరిలో మేము కుక్‌కు ఓటెయ్యడానికి రెండు కారణాలు. దాని పాత కొమ్మలు రాలిపోయిన చోట కాండం నుంచే పొట్టి కొమ్మలు మళ్లీ పుడతాయి, అందుకే ముసలి చెట్టు కూడా కింది నుంచి నిండుగా ఉంటుంది. నార్‌ఫోక్‌కు ఆ గుణం లేదు. ఒక వేసవిలో నీళ్లు తప్పి కింది రెండంతస్తులు ఎండితే ఆ ఖాళీ శాశ్వతం. రెండోది వేడి. సముద్రపు చల్లగాలి మరిగిన నార్‌ఫోక్‌కు విశాఖ తీరమో, మదనపల్లె, బెంగళూరు లాంటి ఎత్తైన ఊళ్లో నచ్చుతాయి. రామగుండం, రెంటచింతల ఎండల్లో అది బతికినా వడిలినట్టే ఉంటుంది. ఉప్పుగాలిని రెండూ బాగా తట్టుకుంటాయి. బీచ్‌కు దగ్గరి ఇళ్లకు ఇంతకన్నా నమ్మకమైన పెద్ద కోనిఫర్ లేదు.

నర్సరీలో నిలబడి రెండిట్లో ఏదో తేల్చుకోలేకపోతే, నార్‌ఫోక్ అనుకుని 25 అడుగుల దూరం వదలండి. కుక్ అయితే మిగిలిన చోటు మీకే.

ఒరిగే చెట్టును ఎటు నాటాలి

కుక్ అరకేరియాకు ఒక వింత గుణం ఉంది. అది భూమధ్యరేఖ వైపు ఒరుగుతుంది. ఐదు ఖండాల్లో 256 చెట్లను కొలిచిన పరిశోధన 2017లో వచ్చింది. సగటు ఒరుగు ఎనిమిదిన్నర డిగ్రీలు. ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ ఒరుగు ఎక్కువ, కాబట్టి మన అక్షాంశాల్లో సగటుకన్నా తక్కువే ఆశించవచ్చు. అయినా సగటునే తీసుకుని లెక్కేస్తే 20 మీటర్ల చెట్టు కొన, మొదలుకన్నా మూడు మీటర్లు దక్షిణంగా ఉంటుంది.

ఇంటికి ఉత్తరాన నాటితే అది ఇంటి మీదికే వంగుతుందన్నమాట. దక్షిణాన నాటితే బయటికి, పక్కవాళ్ల ప్రహరీ వైపు. పెద్ద చెట్లు దక్షిణం, పడమరల్లో ఉండాలన్న వాస్తు మాట ఇక్కడ బాగానే కలిసొస్తుంది. అటు పక్కింటి గోడకు కూడా 15 అడుగులు వదలడం మీ బాధ్యత. పడమర పెడితే ఒరుగు ఎవరి మీదికీ పోదు. మా మొదటి ఎంపిక అదే. సాయంత్రపు ఎండను ఆపుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, ఇంత సన్నటి చెట్టు నీడ గోడ మీద చారలా పడి జరిగిపోతుంది.

వేరు వదులై ఒరగడం వేరు. స్వభావంగా ఒరిగే చెట్టుకు మొదలు దగ్గర చిన్న వంపు ఉంటుంది, చుట్టూ నేల చెక్కుచెదరదు. గాలివాన మర్నాడు ఒకవైపు నేల పగిలి, ఎదురువైపు ఉబ్బి ఉంటే ప్రమాదం. చెట్టు చిన్నదైతే నిలబెట్టి కట్టొచ్చు. పెద్దదైతే మనుషుల్ని దూరంగా ఉంచి, తీయించడమే.

తూజా

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, అదే దాని గొప్ప. విసనకర్రలా నిలువుగా పరుచుకునే ఆకు, చైనా వైపు పుట్టిన చెట్టు, 15 నుంచి 25 అడుగులు. ఎండ, సున్నపు నేల, ఉప్పటి బోరు నీళ్లు అన్నిటినీ ఓ మోస్తరుగా భరిస్తుంది. భరించనివి రెండే: నీడ, నిల్వ నీరు. నీడపడ్డ వైపు లోపలంతా గోధుమరంగులోకి మారి డొల్ల అవుతుంది. కత్తిరింపు పచ్చగా ఉన్న మేరకే, అదీ ఏడాదికి ఒకటి రెండుసార్లు, వానలు మొదలయ్యాక. కంచెలా వరసగా పెట్టాలంటే మొక్కకూ మొక్కకూ మూడడుగులు. విడిగా చెట్టులా పెంచాలంటే ఎనిమిది.

మార్చి నుంచి జూన్ దాకా దీని శత్రువు ఎర్రనల్లి. ఆకు దుమ్ము పట్టినట్టు కంచురంగు తిరుగుతుంటే తెల్ల కాగితం మీద కొమ్మను దులపండి. చుక్కలు కదిలితే నల్లే. పైపుతో గట్టిగా, ఆకు లోపలి దాకా నీళ్లు కొట్టడం మూడు రోజులకొకసారి చొప్పున రెండు వారాలు చేస్తే సగానికి పైగా తగ్గుతుంది. మిగిలినదానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లాలి. మిట్టమధ్యాహ్నం నూనె మందు కొడితే నల్లికన్నా ముందు ఆకు మాడుతుంది.

పైన్ కొండ మీదైతే సరే

అరకు, పాడేరు వైపు పైన్ తోటలు చూసి వచ్చినవాళ్లు ఇంటి దగ్గరా ఒకటి పెడదామనుకుంటారు. అక్కడ ఎత్తు దాదాపు 900 మీటర్లు, అంతకు పైన. వాన ఎక్కువ, నేల పులుపు. హైదరాబాద్ శివార్లలోని సున్నం తగిలే నేలలో అదే మొక్క ఇనుము అందక పసుపుపచ్చగా తిరుగుతుంది. వేడి ప్రాంతాలకు నప్పే పైన్ కరీబియన్ పైన్ ఒక్కటే అనుకోండి. హిమాలయాల చిర్ పైన్ జోలికి పోవద్దు.

కొండ ప్రాంతంలో ఉన్నవాళ్లకు కూడా ఒక షరతు. పైన్ వేరుకు ఒక రకం శిలీంధ్రం తోడుండాలి. నేలలోని భాస్వరాన్ని అదే లాగి ఇస్తుంది. మన నేలల్లో అది సహజంగా ఉండదు. లేకపోతే నారు అరచేయంత ఎత్తులో ఊదా రంగు తిరిగి ఆగిపోతుంది, ఎంత డీఏపీ వేసినా కదలదు. మందు సులువు: బాగా పెరిగిన పైన్ చెట్టు కింద, రాలిన సూదుల పొర తీసి, పై నాలుగంగుళాల మట్టి రెండు మూడు కిలోలు తెచ్చి నాటే గుంతలో వేరు తగిలేలా కలపడం. తోట ఎవరిదో వాళ్లనడిగి తెచ్చుకోండి.

ఇంకో చిక్కు నక్కతోక పెరుగుదల. వెచ్చటి చోట కరీబియన్ పైన్ కొన్నిసార్లు పక్క కొమ్మ వేయడమే మరిచిపోయి నడి కొనను మీటర్ల కొద్దీ పైకి తోస్తుంది. చూడ్డానికి తోకలా బాగానే ఉంటుంది, గాలివానకు అక్కడే విరుగుతుంది. రాలే సూదులు వేసవిలో ఇట్టే అంటుకుంటాయి కూడా. రేకుల షెడ్డు, గడ్డివాము పక్కన పైన్ పెట్టడం తెలివైన పని కాదు.

అగాతిస్, బున్యా

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన అగాతిస్‌ను చూస్తే కోనిఫర్ అనిపించదు. ఆకు వెడల్పుగా, తోలులా మందంగా ఉంటుంది. బెంగళూరు లాల్‌బాగ్‌లో పెద్దవి ఉన్నాయి. మొక్క కొనే ముందు వాటిని ఒకసారి కింద నిలబడి చూసిరమ్మంటే ‘ఇంటికి వద్దులెండి’ అని సగం మంది తేల్చుకుంటారు. నిటారైన, లావైన కాండం, నిజమైన నీడ. నాటిన మొదటి నాలుగైదేళ్లు వేసవి నీళ్లు తప్పకూడదు. గోదావరి జిల్లాల మెరక తోటల్లో, చిత్తూరు వైపు ఎత్తైన ఫామ్‌హౌస్‌లలో ప్రయత్నించదగ్గది.

అరకేరియాలోనే బున్యా అని మరో జాతి ఉంది. దాని శంకువు ఒక్కోటి 5 నుంచి 10 కిలోలు తూగి చెప్పకుండా పడుతుంది, ఆకులు ముళ్లు. మనుషులు తిరిగే చోట పెట్టకూడని చెట్టు.

కొనకూడనివి

నిమ్మవాసన వచ్చే, బంగారు పసుపు రంగు గోల్డ్‌క్రెస్ట్ సైప్రస్ డిసెంబరులో అన్నిటికన్నా అందంగా కనిపిస్తుంది. చల్లటి దేశపు చెట్టు. మైదానంలో ఏప్రిల్ వేడికి లోపలి నుంచి ఎండడం మొదలెడుతుంది, దాన్ని ఏ ఎరువూ ఆపలేదు. పూలగుత్తిలా నెల రోజుల సరదాకైతే కొనుక్కోండి. హిమాలయ దేవదారు సంగతీ అంతే, ఎవరైనా మొక్క ఉందని చూపించినా ముందుకు పోవద్దు.

సరుగుడునూ, నిలువుగా పెరిగే అశోకనూ కోనిఫర్ల లెక్కలో అమ్మేవాళ్లున్నారు. రెండూ పూల మొక్కల కుటుంబాలవే. సరుగుడు సూదిలా కనిపించేది ఆకు కాదు, సన్నటి కొమ్మ. అలాగని అవి చెడ్డవని కాదు. తీరంలో గాలికి అడ్డు కావాలి, రెండేళ్లలో కావాలి అంటే సరుగుడు ముందు ఏ కోనిఫరూ నిలవదు.

నేల చూసి నిర్ణయం మార్చుకోండి

చెట్టు నచ్చినా నేల ఒప్పుకోకపోవచ్చు. అడుగు లోతు గుంత తీసి నీళ్లతో నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటసేపు చూడండి. అంగుళం కూడా దిగకపోతే అక్కడ మామూలుగా నాటకూడదు, వేరు కుళ్లుతుంది. నల్లరేగడిలో చాలాసార్లు ఇదే జరుగుతుంది. అక్కడ ఆరడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తున ఎర్రమట్టి, మొరం కలిపి దిబ్బ వేసి దాని మీద నాటాలి. గుంతలో మాత్రమే మంచి మట్టి నింపితే అది చుట్టూ రేగడిలో నీళ్ల తొట్టి అయి కూర్చుంటుంది. డెల్టా ఊళ్లలో నీటిమట్టం పైనే ఉంటుంది, అక్కడా దిబ్బే.

తెలంగాణలో ఎర్రనేల బాగానే ఇంకిస్తుంది. చిక్కల్లా రెండడుగుల కింద రాయి. గడ్డపార ఠంగుమన్న చోట పెద్ద చెట్టు పెట్టకండి, పదేళ్ల దాకా బాగానే ఉండి ఓ గాలివానకు పళ్లెంలా లేచి పడుతుంది. ఇంట్లో నీళ్లకు సాఫ్ట్‌నర్ బిగించి ఉంటే ఆ నీళ్లు మొక్కకు పోయొద్దు, అందులో సోడియం ఎక్కువ. సాఫ్ట్‌నర్‌కు ముందు నుంచి పైపు తీసుకోండి.

నర్సరీలో

ధర అడుగుల లెక్కన చెబుతారు కాబట్టి పొడుగు మొక్క మంచిదనిపిస్తుంది. కాదు. రెండు నుంచి నాలుగడుగుల మొక్క నేలలో త్వరగా కుదురుకుని, కొన్నేళ్లలో ఎనిమిదడుగులది పెట్టినవాళ్లను అందుకుంటుంది.

మొట్టమొదట చూడాల్సింది చిటారు కొన. విరిగి ఉంటే, రెండుగా చీలి ఉంటే వదిలేయండి. అరకేరియాలో పక్క కొమ్మను అంటు వేసి పెంచితే అది ఎన్నేళ్లయినా పక్కకే పాకుతుంది, నిలబడదు. కొమ్మలు ఒకవైపే ఉన్నది, కర్ర తీసేస్తే వాలిపోయేది అలాంటిదేనని అనుమానించండి. విత్తనం మొక్కకు కొమ్మలు చుట్టూ సమానంగా ఉంటాయి. ఒకే కవరులో మూడు నాలుగు మొక్కలు కలిపి గుబురుగా చూపించారేమో కాండం మొదలు దగ్గర వేలు పెట్టి చూడండి. కవరు కింద నుంచి బొటనవేలంత వేరు నేలలోకి దిగిపోయి ఉంటే దాన్ని తెంపి ఇస్తారు, ఆ మొక్క కోలుకోవడం కష్టం.

నాటడం

తెలంగాణ, రాయలసీమల్లో రెండు మంచి వానలు పడ్డాక, జూన్ చివర లేదా జులైలో. కోస్తాలో చిన్న మొక్కకు అదే అదను. ఆరడుగులు దాటిన మొక్కైతే డిసెంబరు, జనవరిలో డ్రిప్పుతో నాటడం మంచిది. మళ్లీ అక్టోబరు, నవంబరు తుపాన్లు వచ్చేలోగా వేరు పట్టుకోవడానికి పది నెలలు దొరుకుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరంలో ఎన్ని చెట్లు కూలాయో చూసినవాళ్లకు ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు.

నర్సరీలో గ్రీన్ నెట్ కింద ఉన్న మొక్కను తెచ్చిన రోజే ఎర్రటి ఎండలో పెడితే ఒకవైపు ఆకు తెల్లబడి మాడుతుంది. పది పదిహేను రోజులు ఉదయపు ఎండలో మాత్రమే ఉంచి, తర్వాత నాటండి. గుంత వెడల్పు మూడడుగులు, లోతు మట్టిముద్ద ఎంతుందో అంతే. లోతు ఎక్కువ తీసి మెత్తటి మట్టి నింపితే మొక్క మెల్లగా కుంగి కాండం పూడుకుపోతుంది. తీసిన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు పది కిలోలు, చెదల బెడద ఉన్నచోట వేపపిండి కిలో కలపండి. కవరు పూర్తిగా తీసేయాలి. మట్టిముద్ద చుట్టూ వేళ్లు చుట్టుకుని ఉంటే కత్తితో మూడు నాలుగు చోట్ల నిలువుగా గాటు పెట్టండి. వేళ్లు మొదలయ్యే చోటు నేలకన్నా అంగుళం పైకే ఉండాలి. ఊతకర్రలు రెండు, మట్టిముద్దకు బయట. తాడు వదులుగా, ఏడాది దాటాక విప్పేయండి. ఊపు తగిలితేనే కాండం లావెక్కుతుంది.

పాదు రెండడుగుల దూరాన గట్టుతో, ఆకుచెత్త మూడంగుళాల మందాన, కాండానికి బెత్తెడు ఎడంగా. మొదటి నెల రెండు రోజులకొకసారి 10 లీటర్లు. తొలి రెండు వేసవుల్లో మూడు రోజులకొకసారి 20 లీటర్లు, నల్లరేగడిలో అందులో సగం. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది. ఎరువు మొదటి ఏడాది అసలు వద్దు. తర్వాత వానాకాలం మొదట్లో రెండు బుట్టల ఎరువు చాలు.

ఎండుతున్నప్పుడు ఎక్కడ మొదలైందో చూడండి

కింది అంతస్తు నుంచి పైకి, లోపలి నుంచి బయటికి ఎండుతుంటే నీళ్లు చాలలేదు, లేదా నీడ. కొన వాలి, మొక్క మొత్తం ఒకేసారి రంగు మారి, మట్టి తడిగానే ఉంటే వేరు కుళ్లు. అప్పుడు నీళ్లు పోసేకొద్దీ చచ్చిపోతుంది, పాదు తెరిచి ఆరబెట్టాలి. ఎండ తగిలే ఒక్కవైపే మాడితే వడదెబ్బ. కొత్త ఆకు పసుపై పాత ఆకు పచ్చగా ఉంటే సున్నపు నేలలో ఇనుము అందడం లేదు. కాండం మీద మట్టిపూత కనిపిస్తే చెదలు, గీరేసి చూడండి. చాలాసార్లు అవి ముందే చచ్చిన బెరడును తింటుంటాయి, అసలు కారణం కింద వేరులో ఉంటుంది.

ఏళ్ల తర్వాత చెట్టు అడ్డమనిపించి కొట్టించాలంటే వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం ఉంది. 2002 నాటి ఈ చట్టం ప్రకారం సొంత స్థలంలోనైనా చాలా రకాల చెట్లు కొట్టడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి వచ్చాక కూడా ఇళ్ల మధ్య 60 అడుగుల అరకేరియాను ఒక్క దెబ్బకు పడగొట్టలేరు. పైనుంచి ముక్కలు ముక్కలుగా తాళ్లతో దింపాలి, సందులోకి క్రేన్ రాకపోతే ఖర్చు ఇంకా పెరుగుతుంది.